మూతపడ్డ పలకరాయి రైలును మళ్లీ నడిపిస్తున్నారు. మన బొగ్గుబాయి పట్టాల మాటేమిటి?

కాజీపేట ఫైర్‌మన్ · ఆదివారం, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. మూడు నెలలు మాంచెస్టర్‌లో మా అమ్మాయి దగ్గర ఉండి మొన్ననే కాజీపేట చేరాను. అక్కడ చూసిన కోటలూ చర్చిలూ ఫోటోల్లో ఉండిపోయాయి గానీ, ఒక చిన్న రైలు మాత్రం కళ్ల ముందు నుంచి కదలడం లేదు. రాస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

వేల్స్ ఉత్తర భాగంలో పోర్త్‌మడోగ్ అనే రేవు ఊరు ఉంది. అక్కడి నుంచి కొండల్లోని బ్లైనై ఫెస్టినియోగ్ దాకా 21.7 కిలోమీటర్ల రైలు, పేరు ఫెస్టినియోగ్ రైల్వే. పట్టాల మధ్య దూరం 597 మిల్లీమీటర్లు, అంటే రెండు అడుగులకు అర అంగుళం తక్కువ. మన బ్రాడ్ గేజ్ 1676. జీవితమంతా బ్రాడ్ గేజ్ మీద గడిపినవాడిని కదా, ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తే నవ్వొచ్చింది. "ఇది పిల్లలను తిప్పే రైలా?" అని అల్లుడిని అడిగాను. పైదాకా వెళ్లి వచ్చాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

ఈ లైను 1836లో మొదలైంది. కొండల్లో పలకరాయి గనులు. ఇళ్ల కప్పులకు పరిచే ఆ రాయిని రేవుకు దించాలి, అప్పటికి అక్కడ ఇంజను లేదు. దారి పొడవునా, సుమారు 80 అడుగులకు ఒక అడుగు లెక్కన, కిందికి వాలు ఉండేలా పట్టాలు వేశారు. నిండు బండ్లు వాటి బరువుతో అవే దిగేవి. ఖాళీ బండ్లను గుర్రాలు పైకి లాగేవి. దిగేటప్పుడు ఆ గుర్రాలకు కూడా ఒక బండి తగిలించేవారు. అందులో నిలబడి గడ్డి నములుతూ దిగేవట. నా సర్వీసులో నాకు ఆ మర్యాద ఎన్నడూ జరగలేదు.

1863లో ఆవిరి ఇంజన్లు వచ్చాయి. 1869లో వచ్చిన ఒక రకం ఉంది, దాన్ని వర్ణించాలంటే రెండు తలల పాము అనాలి. ముందొక బాయిలర్, వెనకొక బాయిలర్, నడుమ ఫైర్‌బాక్స్. కేబ్‌లో ఒక పక్క డ్రైవరు, మరో పక్క బొగ్గు వేసే ఫైర్‌మన్, మధ్యలో నిప్పు. ఎటు నడిపినా అదే ముందు, తిప్పుకునే పనే లేదు. ఫెయిర్లీ ఇంజను అంటారు. అలాంటివి ఇప్పటికీ తమ వర్క్‌షాపులోనే కొత్తగా చేసుకుంటున్నారు. ఒకటి 1979లో, ఒకటి 1992లో, ఇంకొకటి 2023లో!

అసలు సంగతి ఇది. పలకరాయికి గిరాకీ పడిపోయి 1946లో లైను మూతపడింది. ఎనిమిదేళ్లు ముళ్ల పొదలు పట్టాలను మింగేశాయి. 1954లో అలన్ పెగ్లర్ అనే ఆయన, ఇంకొందరు రైలు ప్రేమికులు కలిసి ఆ కంపెనీని చేతిలోకి తీసుకున్నారు. 1955 జులై 23న సముద్రపు కట్ట మీద మొదటి ముక్క తెరిచారు. చివరి స్టేషన్ చేరింది 1982లో. లెక్కవేయండి, ఇరవై ఏడేళ్లు. జీతం లేని మనుషులు శని, ఆదివారాల్లో వచ్చి పొదలు నరికి, స్లీపర్లు మార్చి, కంకర కొట్టి చేసిన పని.

నేను ఎక్కిన రోజు ఇంజను మీద ఉన్న ఫైర్‌మన్ మామూలు రోజుల్లో బడిలో లెక్కలు చెబుతాడు. కాజీపేట షెడ్డులో బొగ్గు ఇంజన్ల చివరి రోజుల్లో నేను కూడా ఫైర్‌మన్‌నే అని చెప్పాను. చేయి కలిపాడు. ఆ చేతికి నాకున్నలాంటి కాయలే ఉన్నాయి.

మన ఉత్తర తెలంగాణలో ఇలాంటిది చేయగలమా? అదీ నా ప్రశ్న.

ఓరుగల్లు కోడలు · ఆదివారం, రాత్రి 9.40

బాబాయ్ గారూ, భలే రాశారు. పార మీ చేతికి ఇచ్చారా లేదా? అది చెప్పకుండా ఆపేశారేమిటి?

కాజీపేట ఫైర్‌మన్ · ఆదివారం, రాత్రి 9.51

ఇవ్వలేదమ్మా. అడిగాను కూడా. "మీరు ఎంత సర్వీసు చేసినా ఇక్కడ ఇంజను తుడవడంతోనే మొదలుపెట్టాలి, తర్వాత పరీక్ష" అన్నారు. కోపం రావాలి గానీ సంతోషం వేసింది. మేమూ క్లీనర్లుగానే మొదలయ్యాం.

గేజు గురువు · ఆదివారం, రాత్రి 10.05

మంచి టపా. రెండు విషయాలు ముందే చెప్పేస్తాను, లేకపోతే ఈ చర్చ ఎప్పటిలాగే ఊటీ వైపు జారిపోతుంది. ఊటీ రైలు నారో గేజ్ కాదు, మీటర్ గేజ్. కల్లార్, కూనూర్ మధ్య, ఇంజను పళ్లచక్రం పట్టుకుని ఎక్కే పళ్ల పట్టా ఉంటుంది. నారో గేజ్ అంటే మన దేశంలో 762, 610 మిల్లీమీటర్లవి. డార్జిలింగ్, మాథెరాన్ 610. సిమ్లా, కాంగ్రా 762.

రెండోది. ఆ వేల్స్ కంపెనీ పేరును 1832 నాటి చట్టంలో ఒక "ఎఫ్"తో రాశారు, ఊరి పేరును రెండు "ఎఫ్"లతో రాస్తారు. దాని మీద అక్కడి అభిమానులు గంటల తరబడి వాదించుకుంటారు. తెలుగులో రాసుకుంటే ఆ తలనొప్పే లేదు.

ఇక ప్రశ్నకు జవాబు. వరంగల్ మీదుగా నిజాం రైల్వే వేసింది బ్రాడ్ గేజ్. నిజామాబాద్ మీదుగా మన్మాడ్ వెళ్లింది మీటర్ గేజ్. ఇక్కడ తిరిగి నిలబెట్టడానికి ప్రయాణికుల నారో గేజ్ లైనే లేదు. లేని పంటికి కట్టుడు పన్ను ఎక్కడ బిగిస్తారు?

బొగ్గుబాయి · సోమవారం, ఉదయం 6.20

గురువుగారూ, ప్రయాణికుల రైలు లేదు, నిజమే. కానీ నారో గేజ్ లేదనకండి. అది భూమి కింద ఉంది.

నాది సింగరేణిలో ముప్పై నాలుగేళ్ల సర్వీసు. బెల్లంపల్లిలో మొదలు, గోదావరిఖనిలో రిటైర్మెంటు. ఎక్కువ కాలం హాలేజీ మీదే, అంటే బొగ్గు బండ్లను తాడుతో లాగే పని. బాయి లోపల సన్న పట్టాలు, వాటి మీద టబ్బులు, టబ్బులకు ఇనుప తాడు, తాడును లాగే హాలర్. ఫైర్‌మన్ అన్న రాసిన వేల్స్ లైను మా బాయికి తిరగేసిన బొమ్మలా ఉంది. వాళ్లకు నిండు బండ్లు కిందికి, ఖాళీవి పైకి. మాకు నిండు టబ్బులు పైకి, ఖాళీవి కిందికి. వాలు వాళ్లకు చుట్టం, మాకు పగ.

పైకి వచ్చే వరుసలో చివరి టబ్బుకు డ్రాగ్ అని ఒక ఇనుప కడ్డీ తగిలిస్తాం. తాడు తెగితే అది నేలలో గుచ్చుకుని టబ్బులను ఆపాలి. అది తగిలించడం మరిచిన రోజు ఇంటికి వచ్చేది మనిషి కాదు, కబురు. హాలేజీ దారిలో గోడకు అక్కడక్కడ మనిషి పట్టేంత గూళ్లు ఉంటాయి. టబ్బులు కదిలితే అందులోకి దూరాలి. ఆ గూట్లో నిలబడి వింటే చీకట్లో పట్టాల చప్పుడు ముందు పళ్లలో తెలుస్తుంది, తర్వాతే చెవుల్లో.

ఇప్పుడు ఎక్కువ బొగ్గు ఓపెన్ కాస్టుల నుంచి, అంటే పైనుంచి తవ్వే గనుల నుంచి వస్తోంది. లోపల కూడా చాలాచోట్ల బెల్టులు వచ్చాయి. తాడుకు జోడు వేయడం, అంటే తెగిన తాడును పోగుపోగుగా విప్పి ముడి కనపడకుండా మళ్లీ అల్లడం, మా బ్యాచ్‌లో ఆరేడుగురికి వచ్చు. ముగ్గురు పోయారు.

మానేరు ముంపు · సోమవారం, ఉదయం 8.02

"వాలు వాళ్లకు చుట్టం, మాకు పగ." కాకా, ఈ మాట రాసి పెట్టుకున్నాను.

ఫైర్‌మన్ గారూ, 1955లో మొదలుపెట్టి 1982 దాకా ఎందుకు పట్టింది? డబ్బు లేకనా?

కాజీపేట ఫైర్‌మన్ · సోమవారం, ఉదయం 10.30

డబ్బు ఒకటి. రెండోది మీ పేరులోనే ఉంది తమ్ముడూ. ముంపు!

లైను ఇంకా పూర్తిగా తెరవకముందే తానిగ్రిసియై అనే చోట జలవిద్యుత్తు కోసం జలాశయం కట్టారు. పాత దారిలో ఒక ముక్క, పాత సొరంగం ఒక కొసతో సహా నీళ్ల పాలైంది. పరిహారం కోసం వీళ్లు వేసిన కేసు 1972 దాకా సాగింది. అది తేలేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1965లోనే కొండ మీద కొత్త దారి తవ్వడం మొదలుపెట్టారు. నీటిమట్టం కన్నా పైకి ఎక్కాలి కదా, దుఆల్ట్ అనే చోట లైను గుండ్రంగా తిరిగి తన మీదుగా తానే వంతెన దాటుతుంది. కిటికీలోంచి చూస్తే ఇప్పుడే వచ్చిన పట్టాలు కింద కనిపిస్తాయి. మా ఆవిడ "దారి తప్పి వెనక్కి పోతున్నామేమో" అంది. ఆ మలుపు కోసం మట్టి తీసింది కాలేజీ పిల్లలు, గుమాస్తాలు. సెలవులకు వచ్చి పార, గడ్డపార పట్టారు.

కొత్త సొరంగం మాత్రం పిల్లల వల్ల అయ్యే పని కాదు. దానికి కార్న్‌వాల్ నుంచి ముగ్గురు గని ఇంజనీర్లను పిలిపించారు. 1975 నుంచి 1977 వరకు తవ్వారు.

మానేరు ముంపు · సోమవారం, ఉదయం 10.44

1954లో లైను చేతికి వస్తే 1972కి పరిహారం తేలిందా! సిరిసిల్ల దగ్గర మా ఊరు మిడ్ మానేరు కింద పోయింది. మా నాన్నకు చూపిస్తే "తెల్లవాళ్ల దేశంలోనూ ఇంతేనా" అని ఒక పూట హాయిగా ఉన్నాడు.

పాత దారి మునిగినా వాళ్లు ఊరికి చేరే దారి మళ్లీ వేసుకున్నారు. మా ఊరి పాత దారి ఎండాకాలంలో నీళ్లు తగ్గితే కొంచెం కనిపిస్తుంది. వెళ్లి నిలబడి వస్తాం.

బొగ్గుబాయి · సోమవారం, మధ్యాహ్నం 1.15

గని మనుషులను పిలిచి సొరంగం తవ్వించారు చూడు, అదీ తెలివి. మన దగ్గర హెరిటేజ్ అనగానే ముందు రంగులు వేసేవాడిని పిలుస్తారు.

లెక్కల మనిషి · సోమవారం, సాయంత్రం 6.30

అందరూ కరిగిపోతున్నారు కాబట్టి ఒకరైనా గట్టిగా అడగాలి. ఖర్చు ఎవరిది? టికెట్లతో నడుస్తుందా? ఒక పార్కులో పిల్లల రైలు పెట్టారు, నా కొడుకు రెండుసార్లు ఎక్కాడు, మూడోసారికి అది చెడిపోయి ఉంది. ఇప్పటికీ అలాగే ఉంది. బాగు చేసేవాడు లేడు. కొనడానికి దొరికిన డబ్బు నట్టు బిగించడానికి దొరకదు. వేల్స్‌కు వేలమంది పర్యాటకులు వస్తారు. భూమి కింద టబ్బు పట్టాలు చూడటానికి బెల్లంపల్లికి ఎవరు వస్తారు?

నౌపడా పాసింజర్ · సోమవారం, రాత్రి 8.10

ఉద్యోగరీత్యా హనుమకొండలో ఉన్నాను, మాది శ్రీకాకుళం జిల్లా. తెలుగు నేల మీద ప్రయాణికుల నారో గేజ్ గురించి మాట్లాడుతూ నౌపడాను తలచుకోకపోతే ఎలా? పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా. 762 మిల్లీమీటర్లు. మా తాతగారు సంతకు దాని మీదే వెళ్లేవారు. మెల్లగా పోతుందని అందరూ ఎగతాళి చేసేవారు గానీ, వానాకాలంలో రోడ్డు బురదైతే అదే దిక్కు.

2004లో ఆపారు, 2011లో బ్రాడ్ గేజ్ వచ్చింది. నిజం చెప్పాలంటే బ్రాడ్ గేజ్ వచ్చినందుకు మా ఊళ్లో ఎవరూ ఏడవలేదు. రోగిని విశాఖ తీసుకువెళ్లాల్సినవాడికి వారసత్వం అక్కరలేదు, వేగం కావాలి. ఒక అయిదు కిలోమీటర్లు పక్కన ఉంచి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు నాకూ అనిపించలేదు.

గేజు గురువు · సోమవారం, రాత్రి 8.35

అలా ఒక ముక్క ఉంచిన చోటు ఉంది. ఇండోర్ దగ్గర పాతాళ్‌పానీ, కాలాకుండ్ మధ్య ఘాట్‌లో. మీటర్ గేజ్ అయినా 2018 డిసెంబరు నుంచి హెరిటేజ్ రైలుగా నడిపారు. పది కిలోమీటర్లు కూడా లేదు. జలపాతం, లోయ, సొరంగాలు ఉన్నాయి కాబట్టి జనం వచ్చారు.

అజంతా ఎక్స్‌ప్రెస్ · సోమవారం, రాత్రి 9.00

నిజామాబాద్ నుంచి హాజరు. మా మీటర్ గేజ్ పోయి చాలా కాలమైంది, ఒక్క ముక్క ఉంచమని మేమెవరం అడగలేదు. 1992 తర్వాత దేశమంతా ఒకే గేజ్ అన్నారు, మేమూ చప్పట్లు కొట్టాం. మీటర్ గేజ్ మీద కాచిగూడ నుంచి మన్మాడ్ వెళ్లే రోజుల నా పేరుగల బండి ఎక్కినవాళ్లు ఉంటే చేయి ఎత్తండి. అంతే, కొనసాగించండి.

కాజీపేట ఫైర్‌మన్ · సోమవారం, రాత్రి 10.15

లెక్కల మనిషిగారు అడిగిన ప్రశ్న సరైనదే. పార్కు రైలు ఎందుకు చెడిపోయి ఉందో ఆయనే చెప్పేశారు, బాగు చేసేవాడు లేడు. వేల్స్‌లో నేను చూసింది సరిగ్గా దానికి ఎదురు. అక్కడ జీతగాళ్లూ ఉన్నారు, టికెట్ల డబ్బూ వస్తుంది. కానీ ముందు వచ్చింది పర్యాటకులు కాదు. 1955లో పర్యాటకుడు చూడటానికి ఏముంది? కిలోమీటరున్నర కట్ట, ఒక పాత ఇంజను. ముందు వచ్చింది బాగు చేసేవాడు.

అదే వేల్స్‌లో టాలిలిన్ అనే ఇంకో పలకరాయి లైను ఉంది. స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు రైలు నడపడం ప్రపంచంలో మొట్టమొదట అక్కడే, 1951 మేలో. గని ముందే మూతపడింది. లైను యజమాని ఒక ముసలాయన, మూసేయడానికి మనసొప్పక చేతి డబ్బు పెట్టి నడిపించాడు. 1950లో ఆయన పోయాక జనం పూనుకున్నారు. ఆ ముసలాయన తలుచుకుని ఆపేసి ఉంటే ఆ పట్టాలు తుక్కుకు పోయేవి. మూతపడ్డ మన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లుకు అలాంటి మొండివాడు దొరకలేదు.

ఓరుగల్లు కోడలు · సోమవారం, రాత్రి 10.32

ఆజంజాహి పేరెత్తారు, నిద్ర పోయింది. మా మామగారు ఆ మిల్లు మనిషి. మిల్లు సైరన్ ఆగిపోయాక కూడా చాలా ఏళ్లు ఆ వేళకే లేచి కూర్చునేవారు. 1934లో కట్టిన మిల్లు, ఇప్పుడు పిల్లలకు చూపించడానికి ఏమీ మిగల్లేదు. మగ్గం నడిపే తీరు ఆయన చేతులు గాలిలో ఆడిస్తూ చూపించేవారు. ఆయన పోయాక ఆ చూపించడం కూడా పోయింది.

పలక బలపం · మంగళవారం, ఉదయం 7.45

నేను బడిపంతులును, మడికొండ. చిన్న చేర్పు. పలకరాయి అంటే మన పిల్లలు అక్షరాలు దిద్దిన పలకే. మన పలకలు మార్కాపురం నుంచి వచ్చేవి.

ఇంకొకటి. రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చింది 2021 జులై 25న. అదే సమావేశంలో, మూడు రోజుల తర్వాత, వాయవ్య వేల్స్ పలకరాయి ప్రాంతానికి వచ్చింది. మీరు ఎక్కిన రైలు ఆ జాబితాలో భాగం. రామప్పను ఎనిమిది వందల ఏళ్ల క్రితం రాజులు, శిల్పులు కట్టారు కాబట్టి గుర్తించారంటే సరే. గని కూలీలు రాయి మోసిన పట్టాలకు కూడా అదే పీట వేశారు, అది నాకు నచ్చింది.

లెక్కల మనిషి · మంగళవారం, ఉదయం 9.10

సరే, ఒక మెట్టు దిగుతాను. కానీ అసలు సమస్య మిగిలే ఉంది. బొగ్గు! బ్రిటన్ బొగ్గు మానేసింది. వేల్స్‌లోని చివరి పెద్ద ఓపెన్ కాస్టు 2023 నవంబరులో మూతపడింది. చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2024 సెప్టెంబరు 30న ఆగింది. ఆ ఇంజన్లకు బొగ్గు ఎక్కడిది?

కాజీపేట ఫైర్‌మన్ · మంగళవారం, ఉదయం 11.20

దిగుమతి బొగ్గే. ఆలివ్ గింజల పిప్పి కలిపి చేసిన ఉండలతో కూడా అక్కడి హెరిటేజ్ రైళ్ల వాళ్లు ప్రయోగాలు చేస్తున్నారు. మన సింగరేణి బొగ్గు పంపిద్దామా అనకండి. నేను దాన్ని కాల్చినవాడిని. బూడిద ఎక్కువ. నిప్పు మీద చూపు తప్పితే నిప్పు కింది జల్లెడ మీద క్లింకర్, అంటే కరిగి గట్టిపడ్డ బూడిద, అట్టలా కట్టేస్తుంది, గాలి ఆడదు, స్టీమ్ పడిపోతుంది, డ్రైవరు నోరు తెరుస్తాడు. దాన్ని పొడవాటి ఇనుప కడ్డీతో పగలగొట్టి లాగాలి. ఎండాకాలం రామగుండం దగ్గర ఆ పని చేసినవాడికి నరకం మీద కొత్తగా భయం ఉండదు.

బొగ్గుబాయి · మంగళవారం, మధ్యాహ్నం 12.05

మా బొగ్గును తిట్టావు, అయినా నిజమే అన్నా.

నిట్ కుర్రవాడు · మంగళవారం, రాత్రి 8.50

మెకానికల్ మూడో సంవత్సరం. రెండు రోజులుగా చదువుతున్నాను. "డ్రాగ్", "జోడు", "క్లింకర్ లాగడం", ఇవి మా పాఠాల్లో ఇలా లేవు. పట్టాలు తర్వాత చూద్దాం. తాడుకు జోడు వేయడం వచ్చినవాళ్లు ఇంకా ముగ్గురో నలుగురో ఉన్నారన్నారు. ఒక ఆదివారం గోదావరిఖని వచ్చి వీడియో తీసుకోవచ్చా అంకుల్? మేం నలుగురం వస్తాం. తాడు ముక్క మేమే తెస్తాం.

బొగ్గుబాయి · మంగళవారం, రాత్రి 9.15

రండి బిడ్డా. తాడు ముక్క మీరు తేవద్దు, మీరు తెచ్చేది బట్టలు ఆరేసేది అయి ఉంటుంది. తాడు మా దగ్గర ఉంది. చేతి తొడుగులు మాత్రం తెచ్చుకోండి, ఇనుప పోగు గుచ్చుకుంటే వారం సలుపుతుంది. భోజనం మా ఇంట్లోనే. ఫైర్‌మన్ అన్నా, నువ్వూ రావాలి.

కాజీపేట ఫైర్‌మన్ · మంగళవారం, రాత్రి 9.30

వస్తాను. నా దగ్గర పాత చేతి దీపం, నా పార పిడి ఉన్నాయి, తెస్తాను. మీ దగ్గర హాలేజీ వస్తువులు ఏమున్నాయి? అన్నీ ఒకచోట పెట్టి ఫోటో తీయిద్దాం. నచ్చితే బడిలో పిల్లలకు చూపిస్తామని పంతులుగారు కూడా ఫోన్ చేశారు.

గేజు గురువు · మంగళవారం, రాత్రి 9.41

నేనూ వస్తాను. టబ్బు పట్టాలు ఎక్కడైనా మిగిలి ఉంటే కొలతబద్దతో కొలవాలి. ఎన్ని మిల్లీమీటర్లో తేలేదాకా నాకు అన్నం సహించదు.

బొగ్గుబాయి · బుధవారం, ఉదయం 6.10

ఇల్లంతా వెతికాను. క్యాప్ లాంప్ బెల్టు ఉంది. పాత మస్టర్ కార్డు ఉంది. టబ్బును టబ్బుకు తగిలించే కప్లింగ్ పిన్ను కూడా ఉంది. తుక్కు వేలంలో డబ్బిచ్చి కొన్నదే, అనుమానాలు వద్దు. ఒక్కటే చిక్కు. పాతికేళ్లుగా మా ఆవిడ దానితోనే అల్లం వెల్లుల్లి దంచుతోంది. ఫోటోకు కావాలంటే ఇస్తుందట. మీ రైలుకు మాత్రం వేరేది చూసుకోమంది.